మెగ్నీషియం మిశ్రమలోహాలు: ఏ పనికి ఏది

నిర్మాణ అవసరాలకు విరివిగా వాడే లోహాల్లో మెగ్నీషియం అన్నింటికన్నా తేలికైనది. ఘన సెంటీమీటరు మెగ్నీషియం 1.74 గ్రాములు తూగితే, అదే పరిమాణంలో అల్యూమినియం 2.7, టైటానియం 4.5, ఉక్కు సుమారు 7.85 గ్రాములు తూగుతాయి. ఈ అంకెలను చూసినవారు ఏ భాగాన్నైనా మెగ్నీషియంతో చేస్తే అల్యూమినియం కంటే మూడో వంతు, ఉక్కు కంటే మూడు పాతికల వంతు బరువు తగ్గిపోతుందని లెక్క వేసుకుంటారు. సాంద్రత మాత్రమే చూసి వేసిన ఈ లెక్క చాలా సందర్భాల్లో తప్పుతుంది. ఒక భాగం మీద బలం ఏ తీరున పనిచేస్తుందో, ఆ భాగం ఎంత వేడిలో ఎంత తేమలో ఉంటుందో, దాన్ని పోతపోసి చేస్తారో వత్తి చేస్తారో తెలిసిన తర్వాతే మెగ్నీషియం అక్కడ పనికివస్తుందా, వస్తే దాని మిశ్రమలోహాల్లో ఏది తగినదీ అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

మొదట దృఢత సంగతి చూడాలి. బలం ప్రయోగించినప్పుడు పదార్థం ఎంత మొండిగా తన ఆకారాన్ని నిలుపుకుంటుందో తెలిపే కొలత యంగ్ గుణకం. అది ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్‌లు, అల్యూమినియానికి 70, మెగ్నీషియానికి 45 మాత్రమే. ఈ గుణకాన్ని సాంద్రతతో భాగించి చూస్తే మూడు లోహాలకూ ఫలితం 25, 26 దగ్గరే తేలుతుంది కాబట్టి, నిలువుగా లాగే బలాన్ని మాత్రమే మోసే కడ్డీని మెగ్నీషియంతో చేసినా అదే దృఢతకు బరువు ఏమీ తగ్గదు. వంగే బలానికి లోనయ్యే పలక విషయంలో కథ మారిపోతుంది, ఎందుకంటే పలక దృఢత దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం రెట్టింపైతే దృఢత ఎనిమిది రెట్లవుతుంది. తేలిక లోహాన్ని కొంచెం మందంగా వాడితే చాలు, గుణకంలో ఉన్న లోటు పూడిపోతుంది. లెక్క కడితే, అల్యూమినియం పలకతో సమానమైన దృఢత గల మెగ్నీషియం పలక 16 శాతం మందంగా, 25 శాతం తేలికగా ఉంటుంది. ఉక్కు పలకతో పోలిస్తే మందం 64 శాతం పెరిగి, బరువు 60 శాతానికి పైగా తగ్గుతుంది. గేరుబాక్సుల తొడుగులు, కారు డాష్‌బోర్డు వెనకుండే అడ్డదూలాలు, సీట్ల చట్రాలు, కెమెరాల, ల్యాప్‌టాప్‌ల పెంకులు ఈ లోహానికి సహజమైన స్థానాలు కావడానికి కారణం ఇదే. మందం పెంచే చోటు లేని భాగంలో మెగ్నీషియాన్ని ఇరికించడం వల్ల ప్రయోజనం ఉండదు. అల్యూమినియం భాగపు నకాశాను అలాగే ఉంచి లోహాన్ని మాత్రమే మార్చిన ప్రయత్నాలు నిరాశ కలిగించడం ఇందువల్లే.

రెండో సంగతి స్ఫటిక నిర్మాణానిది. మెగ్నీషియం పరమాణువులు షట్కోణాకారంలో పొరలు పొరలుగా పేర్చుకొని ఉంటాయి. లోహం విరగకుండా వంగాలంటే ఈ పొరలు ఒకదానిమీద ఒకటి జారాలి. అల్యూమినియంలో అలా జారే తలాలు పలు దిశల్లో ఉండగా, మెగ్నీషియంలో గది ఉష్ణోగ్రత వద్ద సులువుగా జారేది షట్కోణపు ఆధార తలం ఒక్కటే. పేకముక్కల కట్ట పక్కకు తోస్తే జారుతుంది గాని పైనుంచి నొక్కితే లొంగదు. మెగ్నీషియం స్ఫటికం ప్రవర్తన దాదాపు అదే. అందువల్ల చల్లగా ఉన్న మెగ్నీషియం రేకును లోతుగా వత్తబోతే పగుళ్లు పడతాయి. సుమారు 225 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇతర తలాలు కూడా కదలడం మొదలై లోహం చక్కగా లొంగుతుంది కాని, అచ్చును, రేకును వేడి చేసి పనిచేయడానికి ఖర్చూ కాలమూ పెరుగుతాయి. ప్రపంచంలో తయారయ్యే మెగ్నీషియం భాగాల్లో అత్యధికం పోతపోసినవే కావడానికి మూలం ఇక్కడుంది.

పోత విషయంలో ఈ లోహం ఎంతో అనుకూలమైనది. కరిగిన అల్యూమినియం ఉక్కును తినేస్తుంది. కరిగిన మెగ్నీషియంలో ఇనుము దాదాపుగా కరగదు. కాబట్టి ఉక్కు మూసల్లోనే దాన్ని కరిగించవచ్చు, ఒత్తిడితో అచ్చులోకి పంపే పంపును కరిగిన లోహంలోనే ముంచి ఉంచవచ్చు, అచ్చులు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి. ఘనపరిమాణాన్ని బట్టి చూస్తే అందులో ఇమిడే ఉష్ణం తక్కువ కనుక పోత త్వరగా గడ్డకట్టి, యంత్రం త్వరగా తర్వాతి పోతకు సిద్ధమవుతుంది. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం గల గోడలను కూడా డై కాస్టింగ్‌లో, అంటే ఉక్కు అచ్చులోకి అధిక పీడనంతో పోత పంపే పద్ధతిలో, నమ్మకంగా తీయగలుగుతున్నారు.

మిశ్రమలోహాల పేర్లను అమెరికా ప్రమాణ సంస్థ ఏఎస్‌టీఎం ఏర్పరచిన పద్ధతిలో రాస్తారు. మొదటి రెండు అక్షరాలు కలిపిన ముఖ్య మూలకాలను, తర్వాతి అంకెలు వాటి సుమారు శాతాలను, చివరి అక్షరం ఆ మిశ్రమం ఎన్నో సవరణ రూపమో తెలుపుతాయి. ఏ అంటే అల్యూమినియం, జెడ్ అంటే జింకు, ఎం అంటే మాంగనీసు, ఎస్ అంటే సిలికాన్, కె అంటే జిర్కోనియం, ఈ అంటే రేర్ ఎర్త్ మూలకాలు, డబ్ల్యూ అంటే యిట్రియం, జే అంటే స్ట్రాన్షియం. ఆ లెక్కన ఏజెడ్91డి అనేది 9 శాతం అల్యూమినియం, ఒక శాతానికి కొంచెం తక్కువ జింకు గల మిశ్రమలోహపు నాలుగో రూపం. డై కాస్టింగ్‌లో అత్యంత విస్తారంగా వాడుకలో ఉన్నది ఇదే. దాని తన్యత బలం, అంటే తెగేలోపు తట్టుకోగల గరిష్ఠ లాగుడు, సుమారు 230 మెగాపాస్కల్‌లు; శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే నతి బలం 150 నుంచి 160 మెగాపాస్కల్‌లు. తెగేముందు అది సాగేది 3 శాతమే. ప్రత్యేకమైన కారణం ఏదీ లేనప్పుడు ఎంపికను ఏజెడ్91డితో మొదలుపెట్టి, అది సరిపోదని తేలిన చోట మాత్రమే మరో మిశ్రమానికి వెళ్లడం వివేకవంతమైన పద్ధతి.

ఆ చివరి డి అక్షరానికి ఎంతో విలువ ఉంది. మెగ్నీషియం ఉప్పునీటిలో త్వరగా తినుకుపోతుందన్న అపకీర్తి దశాబ్దాల పాటు దాన్ని వెంటాడింది. అందులో చాలా భాగం మెగ్నీషియం స్వభావం వల్ల వచ్చినది కాదని, దానిలో చేరిన ఇనుము, నికెల్, రాగి మలినాల వల్ల వచ్చినదని పరిశోధనల్లో తేలింది. ఈ మూడూ ఘన మెగ్నీషియంలో దాదాపుగా ఇమడక సూక్ష్మమైన రేణువులుగా మిగిలిపోతాయి. తేమ తగిలినప్పుడు ఒక్కొక్క రేణువూ చిన్న బ్యాటరీలో ధనధ్రువంలా పనిచేసి, చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని కరిగిస్తూ హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. 1980లలో వచ్చిన ఏజెడ్91డిలో ఇనుము 0.005 శాతానికి, నికెల్ 0.002 శాతానికి, రాగి 0.03 శాతానికి మించరాదని కట్టుబాటు చేశారు. దానితోపాటు కొద్దిగా మాంగనీసును కలుపుతారు. అది ఇనుముతో, అల్యూమినియంతో కలిసి బరువైన సమ్మేళనమై మూస అడుగుకు చేరుతుంది, మిగిలిన ఇనుపరేణువులను కూడా చాలావరకు నిరపాయం చేస్తుంది. ఇలా శుద్ధి చేసిన మిశ్రమం ఉప్పుతుంపర పరీక్షలో సాధారణ డై కాస్టింగ్ అల్యూమినియం కంటే మెరుగ్గా నిలిచింది. నికెల్‌ను ఇంత తేలికగా తొలగించే మార్గం లేదు కాబట్టి, నికెల్ పూత ఉన్న తుక్కును కరిగించడం గాని, నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు మూసలో మెగ్నీషియాన్ని కరిగించడం గాని మొత్తం పోతను పాడుచేస్తాయి. కొనుగోలు పత్రంలో మిశ్రమం పేరు రాసి ఊరుకోకుండా ఈ మూడు మలినాల పరిమితులను కూడా రాయడం, బలం అంకెలను బేరీజు వేయడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఏజెడ్91డి లోపం దాని పెళుసుతనంలో ఉంది. అల్యూమినియం ఎక్కువైనకొద్దీ స్ఫటిక రేణువుల సరిహద్దుల వెంట మెగ్నీషియం, అల్యూమినియం 17:12 నిష్పత్తిలో కలిసిన గట్టి సమ్మేళనం పేరుకుంటుంది. బలాన్నీ, పోతలో సులువుగా పారే గుణాన్నీ అల్యూమినియమే ఇస్తుంది. సాగే గుణాన్ని తగ్గించేది ఈ సమ్మేళనం. కారు ఢీకొన్నప్పుడు విరిగిపోకుండా వంగి శక్తిని గ్రహించవలసిన స్టీరింగ్ చక్రపు అంతర్భాగం, సీటు చట్రం, డాష్‌బోర్డు దూలం వంటి వాటికి 3 శాతం సాగుదల చాలదు. అల్యూమినియాన్ని 6 శాతానికి తగ్గించి, జింకును దాదాపుగా తీసివేసిన ఏఎం60బి ఇక్కడ సరైనది. దాని నతి బలం సుమారు 130 మెగాపాస్కల్‌లకు దిగినా, సాగుదల 6 నుంచి 8 శాతానికి చేరుతుంది. ఏఎం50 ఇంకొంచెం ఎక్కువ సాగుతుంది. కాగితం మీద బలహీనంగా కనబడే లోహం ప్రమాదంలో మనిషిని కాపాడటానికి ఎక్కువ పనికిరావడం, బలం అంకెను మాత్రమే చూసి ఎంచుకునేవారు తరచు మరచిపోయే విషయం.

వేడి చేరినప్పుడు ఈ రెండు వర్గాలూ చేతులెత్తేస్తాయి. సుమారు 120 డిగ్రీలు దాటాక ఆ 17:12 సమ్మేళనం మెత్తబడుతుంది. స్థిరమైన బరువు కింద ఉన్న లోహం గంటల తరబడి, నెలల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. దీన్నే క్రీప్ అంటారు. ఇంజిను తొడుగులో దీని ఫలితం బోల్టుల దగ్గర కనబడుతుంది: బోల్టు తల కింద నలిగిన మెగ్నీషియం నెమ్మదిగా పక్కకు జరుగుతుంది, బిగింపు సడలుతుంది, నూనె కారుతుంది. ఈ సమస్యకు ఇంజనీర్లు వెతికిన పరిష్కారాలే ఒక చిన్న చరిత్ర. గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో ఇంజిను, గేరుబాక్సు తొడుగులు మెగ్నీషియంవే. 1970లలో ఆ సంస్థ సిలికాన్ కలిపిన ఏఎస్41, ఏఎస్21 మిశ్రమాలను వాడింది. సిలికాన్, మెగ్నీషియంతో ఏర్పరచే సమ్మేళనం 1085 డిగ్రీల దాకా కరగదు కనుక రేణువుల సరిహద్దులను పట్టి ఉంచుతుంది. అయితే పోత నెమ్మదిగా చల్లారితే ఆ సమ్మేళనం ముతకగా పెరిగి లోహాన్ని పెళుసు చేస్తుంది. అందువల్ల త్వరగా గడ్డకట్టే డై కాస్టింగ్‌కే అది తగింది.

2004లో బీఎండబ్ల్యూ విడుదల చేసిన ఎన్52 ఆరు సిలిండర్ల ఇంజిను మరింత సాహసవంతమైనది. నీటితో చల్లార్చే ఇంజిన్లలో మెగ్నీషియం వాడటానికి భయపడేవారు. అక్కడ సిలిండర్లను, నీటి మార్గాలను అల్యూమినియంతో చేసిన లోపలి దిమ్మెలో ఉంచి, దాని చుట్టూ 6 శాతం అల్యూమినియం, 2 శాతం స్ట్రాన్షియం గల ఏజే62 మెగ్నీషియాన్ని పోతపోశారు. అంటే మెగ్నీషియానికి శీతలజలం తగలనే తగలదు. దాన్ని బిగించే బోల్టులు కూడా ఉక్కువి కావు, అల్యూమినియంవి. 2006 మోడల్ షెవ్రోలే కార్వెట్ జెడ్06లో ఇంజినును మోసే చట్రాన్ని 4 శాతం అల్యూమినియం, 4 శాతం రేర్ ఎర్త్ మూలకాలు గల ఏఈ44తో పోశారు. ఆ మూలకాలు అల్యూమినియాన్ని తమతో కట్టేసుకొని, మెత్తబడే సమ్మేళనం ఏర్పడటానికి దాన్ని మిగలనివ్వవు. మూడు మార్గాల్లోనూ రసాయనం వేరైనా, పోతకోసం అల్యూమినియాన్ని ఉంచుకొని అది చేసే కీడును మరో మూలకంతో అణచడమన్న ఆలోచన ఒక్కటే.

వేడి 200 డిగ్రీలు దాటే చోట ఆ రాజీ కూడా చాలదు. అక్కడ అల్యూమినియాన్ని పూర్తిగా వదిలి జిర్కోనియం వైపు వెళ్తారు. జిర్కోనియం స్ఫటిక రేణువులను ఎంతో సన్నగా చేసి లోహానికి బలం, సాగుదల రెండూ పెంచుతుందని జర్మనీలో 1937లో కనుగొన్నారు. అయితే అల్యూమినియం ఉన్నచోట జిర్కోనియం దానితో కలిసి గట్టి సమ్మేళనంగా అడుగుకు చేరిపోతుంది కనుక, రెంటినీ ఒకే మూసలో ఉంచడం సాధ్యం కాదు. మెగ్నీషియం మిశ్రమలోహాలన్నీ అల్యూమినియం వంశం, జిర్కోనియం వంశం అని రెండుగా చీలిపోవడానికి కారణం ఇదే. ఎన్నో హెలికాప్టర్ గేరుబాక్సులకు వాడిన జెడ్‌ఈ41 జిర్కోనియం వంశానిది. పోత బాగా వస్తుంది గాని సముద్రపు గాలిలో లోహక్షయం ఎక్కువ. దాని స్థానంలోకి వచ్చిన డబ్ల్యూఈ43లో 4 శాతం యిట్రియం, 3 శాతం నియోడిమియం ప్రధానమైన రేర్ ఎర్త్ మూలకాలు ఉంటాయి; అది 250 డిగ్రీల దాకా బలాన్ని నిలుపుకుంటుంది, ఉప్పుగాలిని కూడా బాగా తట్టుకుంటుంది. పోతపోసి వేడి చికిత్స చేసిన డబ్ల్యూఈ43 తన్యత బలం గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 250 మెగాపాస్కల్‌లే కావడం గమనించదగినది. చవకైన ఏజెడ్91డి కంటే అది పెద్ద ఎక్కువేమీ కాదు. చల్లగా ఉండే భాగానికి బలం కోసమని ఈ ఖరీదైన మిశ్రమాన్ని కొనడం అర్థం లేని పని. ఒకప్పుడు వేడిని తట్టుకోవడంలో ఇంతకన్నా గొప్పగా నిలిచిన థోరియం మిశ్రమాలను అమెరికా క్షిపణుల్లో, విమానాల్లో వాడారు గాని, థోరియం రేడియోధార్మికత వల్ల ఆ దారి మూసుకుపోయింది.

రేకులు, కడ్డీలు, ఫోర్జింగుల లోకం వేరు. రేకుకు ఏజెడ్31బి ప్రామాణికమైనది. దీన్ని సులువుగా వెల్డింగు చేయవచ్చు కూడా. అధిక బలం కావలసిన ఎక్స్‌ట్రూజన్లకు, అంటే వేడి లోహాన్ని రంధ్రంలోంచి తోసి తీసే కడ్డీలకు, జెడ్‌కె60ఏ ముందుంటుంది. వేడిలో ముదరబెట్టిన దాని తన్యత బలం 365 మెగాపాస్కల్‌ల దాకా వెళ్తుంది గాని, సాధారణ వెల్డింగులో జింకు వల్ల పగుళ్లు వస్తాయి. వెల్డింగు తప్పనిసరి అయితే దాన్ని మొదటే పక్కన పెట్టాలి. ఇక్కడ మరో విచిత్రం ఉంది. కడ్డీగా తోసినప్పుడు స్ఫటికాలన్నీ ఒకే వైపు తిరిగి వరుస కడతాయి. ఆ దిశలో లాగితే గట్టిగా నిలిచే లోహం, అదే దిశలో నొక్కితే ముందే లొంగిపోతుంది. ఏజెడ్31బి కడ్డీ లాగుడులో 200 మెగాపాస్కల్‌ల దాకా శాశ్వతంగా సాగదు. నొక్కుడులో మాత్రం 97 వద్దే లొంగుతుంది. జెడ్‌కె60ఏలో ఈ అంకెలు 305, 250. ఉక్కుకు, అల్యూమినియానికి అలవాటుపడిన ఇంజనీరు రెండు దిశలకూ ఒకే అంకె వాడితే, వంగే దూలంలో నొక్కుడు పడే వైపు లోహం లెక్కకన్నా ఎంతో ముందే లొంగుతుంది. నొక్కుడు ప్రధానమైన చోట జెడ్‌కె60ఏకి పెట్టే అదనపు ఖర్చు ఇందువల్ల సమర్థనీయం.

మెగ్నీషియం అనగానే ప్రజలకు గుర్తొచ్చేది మంట. తురుము, పొడి, సన్నని రజను నిజంగానే ప్రమాదకరమైనవి. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట విజృంభిస్తుంది కాబట్టి, లేతు యంత్రాల దగ్గర పొడి ఇసుకను, లోహపు మంటల కోసం తయారుచేసిన పొడిని సిద్ధంగా ఉంచడం విధి. 1955 లె మాన్ పందెంలో ప్రేక్షకుల మధ్య పడిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు శరీరం మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసినది. దాని మంటలను నీళ్లతో ఆర్పబోతే అవి మరింత చెలరేగాయి. అయినా మందమైన భాగం అంత సులువుగా అంటుకోదు, ఎందుకంటే లోహం వేడిని చుట్టూ త్వరగా పంచేస్తుంది, కరిగే స్థితికి దగ్గరయ్యే దాకా మంట నిలవదు. యిట్రియం, కాల్షియం కలిసిన మిశ్రమాలపై ఏర్పడే దట్టమైన ఆక్సైడు పొర అంటుకునే ఉష్ణోగ్రతను ఇంకా పైకి నెడుతుంది. ప్రయాణికుల విమానాల సీట్ల చట్రాల్లో మెగ్నీషియాన్ని చిరకాలం నిషేధించిన ప్రమాణాన్ని, అమెరికా పౌరవిమానయాన శాఖ పూర్తి స్థాయి దహన పరీక్షల తర్వాత 2015లో సవరించి, నిర్ణీత మంట పరీక్షలో నెగ్గిన మిశ్రమాలను అనుమతించారు. ఆ పరీక్షల్లో బాగా నిలిచినది డబ్ల్యూఈ43. కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాపాడటానికి వాడిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడు వాయువు, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడు కంటే 20 వేల రెట్లకు పైగా శక్తిమంతమైనది కావడం అంతకన్నా పెద్ద ఆందోళన; ఐరోపా సమాఖ్య డై కాస్టింగ్‌లో దాన్ని నిషేధించింది.

సరఫరా కూడా ఎంపికను శాసిస్తుంది. ప్రపంచపు ముడి మెగ్నీషియంలో అత్యధిక భాగం చైనాలో తయారవుతుంది. 2021లో అక్కడి విద్యుత్ కోతల వల్ల ఉత్పత్తి తగ్గినప్పుడు ఐరోపా అల్యూమినియం పరిశ్రమ సైతం వణికింది. యిట్రియం, నియోడిమియం అవసరమైన మిశ్రమాలను ఎంచుకుంటే అదే దేశంపై రెండోసారి ఆధారపడినట్లవుతుంది.

ఏ మిశ్రమాన్ని ఎంచుకున్నా దాని ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేది అది ఇతర లోహాలను తాకే చోటు. నిర్మాణ లోహాలన్నింటిలో మెగ్నీషియమే అత్యంత చురుకైనది కనుక, ఉక్కు బోల్టు పక్కన తడి నిలిస్తే బోల్టు చెక్కుచెదరదు, దాని చుట్టూ ఉన్న మెగ్నీషియం గుంటగా కరిగిపోతుంది. ఎంత శుద్ధమైన ఏజెడ్91డి అయినా ఈ విషయంలో మినహాయింపు కాదు. నీళ్లు నిలిచే గుంటలు లేకుండా భాగాన్ని గీయడం, ఉక్కు బోల్టు కింద 5000, 6000 వర్గాల అల్యూమినియం వాషరు వేయడం, ఆ వాషరును బోల్టు తల కంటే వెడల్పుగా ఉంచడం చవకైన ఉపాయాలు. ఉపరితలానికి సూక్ష్మ విద్యుత్ మెరుపులతో గట్టి పింగాణీ వంటి ఆక్సైడు పొరను పెంచే మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ పద్ధతి ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం ఈ పద్ధతిపై చాలాకాలంగా పనిచేస్తోంది. ఆ పొరలో సన్నని రంధ్రాలు ఉంటాయి కనుక దానిమీద రంగు గాని, రెసిన్ గాని నింపాలి. పూత వేసేటప్పుడు మెగ్నీషియం భాగానికి ఎంత శ్రద్ధగా వేస్తారో, దానికి తగిలే ఉక్కు భాగానికి కూడా అంతే శ్రద్ధగా వేయాలి. మెగ్నీషియానికి మాత్రమే వేస్తే, పూతలో పడిన చిన్న గీత దగ్గరే లోహక్షయమంతా కేంద్రీకృతమై, పూత లేని భాగం కంటే త్వరగా చిల్లు పడుతుంది.